రిమార్కు రాయని లారీలు

మీ ఇళ్ళల్లో ఇప్పుడు గోడకి తగిలించిన తెల్ల డబ్బా ఒకటి ఉంటుంది. సినిమా, చదువు, బ్యాంకు పని అన్నీ దాన్నుంచి గాలిలోనే వచ్చేస్తాయి. ఒకరి మాట ఇంకొకరి మాటకి ఎక్కడ అడ్డం పడుతోందో మీరు చూసుకోవాల్సిన అవసరం లేదు. నేను నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడిపినన్నాళ్ళూ నా పని చాలావరకు అదే. బల్లల కింద దూరడానికి నడుము సహకరించక కొట్టు నిరుడు మూసేశాను. అప్పటినుంచి సాయంత్రాలు ఖాళీ. ఖాళీగా కూర్చుంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ, అందులో కాటా గది.

ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. మొదట పత్తి కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. అక్కడికి వచ్చిన కంప్యూటరు పాడైతే బాగుచేసేవాడు విజయవాడ నుంచి రావాలి. అతను వచ్చేలోగా మూత విప్పి చూడటం అలవాటైంది. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. భాష సగమే అర్థమైనా అందులోని అంకెలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి.

ఈ సంగతి జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఫ్యాక్టరీ ప్రింటర్లు మొరాయిస్తే నాకు కబురు వచ్చేది. ఒకరోజు అలాగే బయలుదేరి జగ్గయ్యపేట బస్సు ఎక్కితే, కాటా గదిలో పనిచేసే ఆవిడ ముందు సీట్లో ఉంది. మా నందిగామ మనిషే. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, సిమెంటు ఎత్తుకున్నాక ఒకసారి తూచి, బరువు కంప్యూటర్లో ఎక్కించి, డ్రైవరు చేతికి చీటీ ఇచ్చి పంపడం ఆవిడ పని. డ్రైవర్లందరికీ కాటా మేడం. నాతో అన్నయ్య వరస కలుపుకుంది.

నన్ను చూడగానే వెనక్కి తిరిగి, "అన్నయ్యా, నేను దొంగనైపోయా, తెలుసా?" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నిజం. లారీలు మాయమవుతున్నాయి. బండి వెళ్తుంది, సరుకు చేరుతుంది, డీలరేమో బిల్లు రాలేదని ఫోను చేస్తాడు. బిల్లింగు వాళ్ళు చూస్తే కంప్యూటర్లో ఆ లారీయే లేదు. చీటీ ఇచ్చి, ఎంట్రీ పంపకుండా బండి వదిలేస్తున్నానంట. శుక్రవారం హెడ్డాఫీసు నుంచి ఎంక్వైరీకి వస్తున్నారు. ఈలోపు మేనేజరు గారు రిపోర్టు రాయాలి."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటా? అన్ని బస్తాలు నేనే మింగుంటే ఇంత సన్నగా ఎందుకుంటాను సార్ అన్నా. ఆయనకి నవ్వు రాలేదు." కిటికీ వైపు తిరిగింది. దిగేముందు మాత్రం, "ఉద్యోగం పోతే పోయింది అన్నయ్యా. దొంగ అని పోకూడదు," అంది.

ప్రింటరు పని తొందరగా ముగించుకుని కాటా గదికి వెళ్ళాను. కిటికీ అద్దం మీద టైపు చేసిన కాగితం ఒకటి జిగురుతో అంటించి ఉంది: ఇకమీదట కంప్యూటర్లో రిమార్కులు రాయరాదు. కింద మేనేజరు గారి సంతకం. ప్రతి లారీకి నెంబరు, బరువు ఎక్కించాక, అవసరమైతే రాసుకోవడానికి ఒక ఖాళీ గడి ఉంటుంది. టార్పాలిన్ చిరిగిందనో, లైటు పగిలిందనో, డ్రైవరు తాగి ఉన్నాడనో ఆవిడ దాన్ని ధారాళంగా వాడేది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది.

"ఈ కాగితం ఎందుకు?"

"కొత్త డబ్బాలు పెట్టాక రిమార్కు రాసినవి అప్పుడప్పుడు ఎర్రర్ చూపించేవి. 'పంపలేకపోయాను' అని వచ్చేది. మళ్ళీ నొక్కితే పోయేది. రోజూ ఎర్రర్ ఎర్రర్ అని నేనే వెళ్ళి చెప్పా. సరే, రిమార్కుల వల్లేగా ఎర్రర్లు, అవి మానెయ్ అన్నారు."

"మానేశాక?"

"ఎర్రర్లు పోయాయి. లారీలు కూడా పోవడం మొదలైంది."

ఆ మాట దగ్గర ఆగిపోయాను. "అంతకుముందు లారీలు పోలేదా?"

"ఒకటీ అరా పోయేవి. ఇన్ని పోలేదు." కాసేపు ఆలోచించి, "ఒక్కటి చెప్తా అన్నయ్యా. నవ్వకు. ఎర్రర్ చూపించినవి ఎప్పుడూ పోలేదు. ఏ గొడవా చెయ్యకుండా బుద్ధిగా వెళ్ళినవే పోయాయి," అంది.

తప్పు జరిగింది అని అరిచినవి క్షేమంగా చేరుతున్నాయి. అంతా బాగుంది అన్నవి దారిలో పోతున్నాయి. ఇలాంటి లెక్క నాకు అంతకుముందెప్పుడూ తగల్లేదు. ఆవిడ సంగతి పక్కన పెట్టినా ఆ లెక్క తేలకపోతే ఇంటికెళ్ళి అన్నం తినలేననిపించింది.

కొత్త డబ్బాల కథ చెప్పాలి. కాటా గది ఫ్యాక్టరీకి ఈ చివర, బిల్లింగు గది ఆ చివర. మధ్యలో స్టోర్సు. ఈ దారి పొడుగునా మూడు డబ్బాలు, నడిమిది స్టోర్సులో, వాటిని కలుపుతూ కేబులు. హబ్బు అనేవాళ్ళు ఆ డబ్బాని. ఒక తీగలో వచ్చిన సంకేతాన్ని మిగతా తీగలన్నిటికీ అందించడమే దాని పని. అంటే మూడు గదుల్లోని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఉన్నది ఒక్కటే దారి. ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. పాత హబ్బులు నిదానమని, వాటికి పదింతల వేగమున్నవి తెప్పించి పెట్టించారు మేనేజరు గారు. పాత కేబులు కొత్తవాటికీ పనికొచ్చింది.

ఫిర్యాదులు వచ్చాక విజయవాడ నుంచి ఇంజనీరు వచ్చి చూశాడు. అతని పనిని నేను తప్పు పట్టను. ప్రతి కేబులు ముక్కా కొలిచాడు, ఏదీ నూరు మీటర్ల హద్దు దాటలేదు. పెద్ద ఫైలు ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి పంపాడు, చెక్కుచెదరకుండా చేరింది. తీగల్లో లోపం లేదని రాసిచ్చాడు. తీగల్లో లేకపోతే ఇక మనిషిలోనే ఉండాలి కదా!

ఆ ఒక్క దారిని కంప్యూటర్లు ఎలా పంచుకుంటాయో చెబితే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. వాటికి పెద్దమనిషి ఎవరూ ఉండడు. నువ్వు మాట్లాడు, నువ్వు ఆగు అని చెప్పేవాడు లేడు. ఈథర్నెట్టు అనే పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం ఇదే. మాట్లాడబోయే ముందు ప్రతిదీ తీగని వింటుంది. నిశ్శబ్దంగా ఉంటే మొదలుపెడుతుంది. ఇద్దరూ ఒకేసారి విని, ఒకేసారి మొదలుపెడితే మాటలు ఢీకొని రెండూ పాడవుతాయి. అందుకని మాట్లాడుతున్నంతసేపూ చెవి తీగ మీదే ఉంచుతుంది. ఢీకొన్నట్టు తెలిస్తే వెంటనే ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి చెబుతుంది.

ఎంతసేపు ఆగాలన్నది ఎవరికి వారు చీటీ తీసుకున్నట్టు తేల్చుకుంటారు. నందిగామ బస్టాండులో బస్సు తలుపు దగ్గర ఇద్దరు ఒకేసారి కాలు పెట్టి, ఇద్దరూ వెనక్కి తగ్గి, మీరెక్కండి అంటే మీరెక్కండి అనుకుని, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి కాలు పెట్టడం చూసే ఉంటారు. ఇద్దరూ సమానంగా ఆగితే ఎప్పటికీ ఎక్కలేరు. అందుకే కంప్యూటర్లు రెండోసారి ఢీకొంటే మొదటిసారి కన్నా పెద్ద గుంపులోంచి చీటీ తీస్తాయి, మూడోసారి ఇంకా పెద్ద గుంపులోంచి. ఎప్పుడో ఒకప్పుడు ఒకరికి తక్కువసేపు ఆగే చీటీ వస్తుంది, వాళ్ళు ముందు ఎక్కేస్తారు.

కాబట్టి ఢీకొనడం రోగం కాదు. అది రోజూ జరిగేదే, దానికి మందు పద్ధతిలోనే ఉంది. కాకపోతే ఢీకొన్నామని మాట్లాడేవాడికి తెలియాలి. తెలియకపోతే మళ్ళీ చెప్పడు.

ఆ సాయంత్రం ఇంట్లో అట్ట లేని పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అందులో ఒక విచిత్రమైన నియమం ఉంది. ఈథర్నెట్టులో మాట మరీ చిన్నదిగా ఉండకూడదు. చెప్పాల్సింది కాస్తే అయితే, వెనక ఖాళీలు నింపి అయినా ఒక కనీసపు పొడుగుకి సాగదీయాలి. ఇంతకుముందు ఆ వాక్యం చదివి, ఎందుకీ దండగ అనుకుని పేజీ తిప్పేశాను. ఈసారి తిప్పలేదు. నా మాట ఆ చివరకి చేరబోతుండగా అక్కడివాడు మొదలుపెట్టాడనుకోండి. ఢీకొన్న గందరగోళం మళ్ళీ నా దాకా వెనక్కి రావాలి. అది వచ్చేసరికి నేనింకా మాట్లాడుతూనే ఉండాలి. ముందే ముగించేస్తే నా మాట చేరిందనే అనుకుంటాను. కనీసపు పొడుగు ఉన్నది అందుకు.

కొత్త హబ్బుల వేగంలో అతి చిన్న మాట పూర్తవడానికి పట్టేది సెకనులో పది లక్షో వంతులు అయిదు. కాటా నుంచి బిల్లింగు దాకా కేబులు సుమారు మూడు వందల మీటర్లు, పోను రాను ఆరు వందలు. తీగలో సంకేతం ఒక్కో వంతులో రెండు వందల మీటర్లు పోతుంది. ఆరు వందలకి మూడు వంతులు. అయిదులో మూడు! రెండు వంతులు ఇంకా మిగిలే ఉన్నాయి. నా ఊహ తప్పని తేలింది. కాగితం నలిపేశాను.

అన్నం తింటూ ఉండగా తట్టింది. నేను తీగని లెక్కేశాను గానీ డబ్బాలని లెక్కేయలేదు. హబ్బు సంకేతాన్ని అందుకుని పక్కవాడికి అందించడానికి దానికీ కాస్త సమయం కావాలి. పుస్తకంలో వెతికితే ఉంది. పోను రాను కలిపి డబ్బాకి దాదాపు ఒక వంతు. మూడు డబ్బాలకి మూడు. రెండు చివర్లా కంప్యూటర్లలో కేబులు గుచ్చే కార్డులకి కలిపి ఇంకొకటి. తీగ మూడు, డబ్బాలు మూడు, కార్డులు ఒకటి, వెరసి ఏడు. ఉన్నది అయిదే. పాత డబ్బాలు పదో వంతు వేగంతో మాట్లాడేవి కాబట్టి వాటికి యాభై ఉండేది. కావలసినంత తీరిక.

వేగం పెంచితే మాట చెప్పే సమయం తగ్గింది. తీగలో సంకేతం పరుగు మాత్రం అంతే ఉంది. నెంబరు, బరువు మాత్రమే ఉన్న ఎంట్రీ అతి చిన్న మాట. ఢీకొన్న వార్త వెనక్కి వచ్చేలోపే అది ముగిసిపోతుంది. రిమార్కు రాసినది పొడుగైనది. చెబుతుండగానే వార్త వస్తుంది, కానీ గడువు దాటి వచ్చింది కాబట్టి కార్డు తనంతట తాను మళ్ళీ చెప్పక ఎర్రర్ అంటుంది, ఆవిడ మళ్ళీ నొక్కుతుంది. ఇంజనీరు పంపిన పెద్ద ఫైలు ఎందుకు చేరిందో కూడా తెలిసింది. ఫైళ్ళు పంపే ప్రోగ్రాం ముక్కముక్కకీ అందిందా అని అడిగి, అందనిది మళ్ళీ పంపుతుంది. కాటా ప్రోగ్రాం రాసినవాళ్ళు ఆ అడగడం పెట్టలేదు.

గురువారం పొద్దున్నే మేనేజరు గారి గదికి వెళ్ళాను. కాటా మేడం తలుపు దగ్గర నిలబడింది. నేను వంతులు, మీటర్లు చెబుతున్నకొద్దీ ఆయన ముఖం ముడుచుకుపోయింది. మంచి మనిషే. రేపు పై అధికారికి తాను జవాబు చెప్పాలి.

"ఏవయ్యా, నీ లెక్క తప్పని నేననను. రేపు వచ్చే ఆయనకి సెకనులో పది లక్షో వంతు గురించి నేను చెప్పాలా? నమ్ముతాడా? నాకే నమ్మకం కుదర్లా. చూపించగలిగేది ఏమన్నా ఉందా?"

నా దగ్గర లేదు. అంత చిన్న సమయాన్ని ఎలా చూపిస్తాను? బయట కాటా దగ్గర లారీలు ఆగిపోయి, డ్రైవర్లు విసుగ్గా హారన్లు కొడుతున్నారు. ఆవిడ అటు చూసి, మెల్లగా, "అన్నయ్యా, శబ్దం నిదానంగా పోతుంది కదా?" అంది.

లెక్క కట్టి చూశాను. మూడు వందల మీటర్లకి శబ్దానికి దాదాపు సెకను పడుతుంది. సెకనైతే మనిషికి అందుతుంది.

కాసేపటికి ఒక లారీ కాటా దగ్గర, ఇంకొకటి బిల్లింగు గది పక్కన ఆగాయి. మేనేజరు గారు సరిగ్గా మధ్యలో, స్టోర్సు ముందు నిలబడ్డారు. ఆయన చేతి రుమాలు కిందికి దించగానే ఇద్దరు డ్రైవర్లూ ఒకేసారి హారన్ ఒక్క క్షణం కొట్టి వదిలెయ్యాలి. వరసలో ఉన్న డ్రైవర్లంతా లోడింగు మానేసి చూడ్డానికి దిగారు.

రుమాలు దిగింది. మధ్యలో నిలబడ్డ మాకు రెండు హారన్లూ కలిసిపోయి ఒకటే గోలగా వినబడింది.

మేనేజరు గారు కాటా వైపు డ్రైవరుని కేకేశారు. "ఏమయ్యా, నువ్వు కొడుతుండగా అవతలివాడు అడ్డం వచ్చాడా?"

"లేదండీ! నాది అయిపోయాకే ఆడు కొట్టాడు."

బిల్లింగు వైపు డ్రైవరుది కోదాడ. పిలిస్తే పరిగెత్తుకొచ్చాడు. "నేనే ముందు కొట్టిన సార్. నాది వదిలినంక ఆయనది ఇనపడ్డది."

"నువ్వు ముందా? నీ మొహం!" అన్నాడు మొదటివాడు. "రుమాలు దిగేసరికి నువ్వు బీడీ ఎలిగించుకుంటన్నావు!"

"మీరిద్దరూ ఒకేసారి కొట్టారయ్యా," అన్నారు మేనేజరు గారు. "నేను చెవులారా విన్నా."

ఇద్దరూ ఒప్పుకోలేదు. ఒట్టు వేసి మరీ, ఢీకొనలేదన్నారు. మేనేజరు గారు ఆ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. ఒకడు అబద్ధం చెబుతున్నాడనుకోవడానికి లేదు. ఇద్దరికీ విన్నది విన్నట్టే చెప్పే ముఖాలు.

రెండోసారి నేనడగకుండా ఆయనే అన్నారు. "ఈసారి వదలొద్దు. నేను చెయ్యెత్తేదాకా నొక్కిపట్టండి."

రుమాలు దిగింది. పొడుగాటి హారన్లు మోగాయి. చెయ్యెత్తాక కాటా వైపు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈసారి మధ్యలోనే వచ్చి కలిశాడండీ ఆడు!" అని అరిచాడు. అవతలివాడిదీ అదే మాట. మళ్ళీ కొట్టమంటారా అని ఇద్దరూ అడిగారు.

"చిన్న హారన్ అయితే ఇద్దరికీ తెలీలేదు. పెద్దదైతే ఇద్దరికీ తెలిసింది." తనలో తాను అనుకున్నట్టు అని, మేనేజరు గారు నా వైపు తిరిగారు. "అయితే రిమార్కులు ఆపించి నేను హారన్ని చిన్నది చేశానన్నమాట."

నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

పాత హబ్బులు స్టోర్సులో ఉన్నాయి. ఒకదాని మీద ఎవరో క్యారేజీలు పెట్టుకుంటున్నారు. మూడిటినీ దులిపి సిద్ధం చేశాను. ముందు కొత్తవాటి మీద, తరువాత వాటి చోట్లలో పాతవి తగిలించి వాటి మీద ఒకే పరీక్ష పెట్టాం. బిల్లింగు గదిలో కంప్యూటర్లన్నీ ఒకేసారి ఫైళ్ళు పంపుతుండగా, కాటా మీద ఒకే లారీని ఉంచి, రిమార్కు లేకుండా బరువు మళ్ళీ మళ్ళీ పంపింది ఆవిడ. కొత్తవాటి మీద కొన్ని చేరలేదు. కాటా కంప్యూటర్లో మాత్రం ఒక్క ఎర్రరూ రాలేదు. పాతవాటి మీద నెమ్మదిగానే అయినా అన్నీ చేరాయి. బిల్లింగు గుమాస్తా ఆ గది గుమ్మంలోంచి, "వచ్చింది, వచ్చింది, ఇదీ వచ్చింది," అని కేకలు పెడుతూనే ఉన్నాడు.

వేగం వద్దనుకుని వెనక్కి పోవడం మేనేజరు గారికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఆ తరువాత స్టోర్సులో హబ్బు బదులు స్విచ్చి అనే కొత్తరకం డబ్బా పెట్టించారు. అది మాటని పూర్తిగా విని, తన దగ్గర పెట్టుకుని, అవతలి దారి ఖాళీ అయ్యాక చెబుతుంది. దాంతో ఒక పొడుగు దారి రెండు పొట్టి దారులైంది, వేగమూ దక్కింది. ఇప్పుడు మీరు వాడే తీగలన్నిటి చివరా ఉన్నది ఆ స్విచ్చి సంతతే. అందుకే ఢీకొనడం గురించి మీకు ఎవరూ చెప్పరు. గాలిలో మాత్రం ఆ గొడవ ఇంకా ఉంది. మాట్లాడుతూ వినడం గాలిలో కుదరదు కాబట్టి, అక్కడ ప్రతి మాటకీ అందిందని అవతలివాడు జవాబు చెప్పి తీరాలి. కాటా ప్రోగ్రాం చెయ్యని పని అదే.

మాయమైన లారీల చీటీలు డీలర్ల దగ్గర నుంచి తెప్పించి చూస్తే సరుకు లెక్కంతా సరిపోయింది. అది తరువాతి మాట. ఆ గురువారం మధ్యాహ్నమే మేనేజరు గారు రిపోర్టు మళ్ళీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నారు. కూర్చునే ముందు కాటా గదికి నడిచి వచ్చారు. నేరుగా అద్దం దగ్గరకి వెళ్ళి తన సంతకం ఉన్న కాగితాన్ని పీకబోయారు. జిగురు గట్టిది. పైసగం చేతికొచ్చింది, కిందిసగం అద్దానికే ఉండిపోయింది. గోటితో గీకడం మొదలుపెట్టారు.

"ఉండండి సార్, తడిపి తీస్తా," అంది ఆవిడ.

"నువ్వు నీ పని చూసుకో అమ్మా. ఇది నేను అంటించింది."

కాటా మీద లారీ నిలబడి ఉంది. అద్దానికి ఆయన అడ్డం ఉండటంతో ఆవిడకి లారీ నెంబరు కనబడటం లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు, పొడుగ్గానే. ఆవిడ పక్కకి వంగి నెంబరు చూసి, బరువు ఎక్కించి, కొన్ని వారాలుగా ఖాళీగా ఉన్న రిమార్కు గడిలో చకచకా ఏదో కొట్టి నొక్కింది.

కాసేపటికి బిల్లింగు గుమాస్తా ఫోను చేశాడు. ఆవిడ స్పీకరు నొక్కింది.

"మేడం, ఈ రిమార్కు నిజమేనా? 'లారీ ఆలస్యానికి కారణం: మేనేజరు గారు అద్దం గీకుచున్నారు' అని వచ్చింది."

మేనేజరు గారి గోరు అద్దం మీద ఆగింది. గదిలో అందరం ఆయన వైపే చూస్తున్నాం.

"మొత్తం వచ్చిందా?" అని అడిగారాయన.

"మొత్తం వచ్చిందండీ, అక్షరం పోలేదు."

"అయితే ఉండనీ," అని మళ్ళీ గీకడం మొదలుపెట్టారు.